పోరు నాపుటలో పౌరుల పాలు

ప్రభుత్వమునకును, అడవులలోని సాయుధులకును నడుమ జరుగు పోరునందు మనవంటి పట్టణ గృహస్థులు చేయదగినదేమున్నదని విద్యావంతులు తఱచుగా నడుగుచుందురు. తుపాకి పట్టినవాడే తుపాకి దింపవలెనని వీరి వాదము. దీనికి సమాధానము దూరదేశములలో వెదుకనక్కఱలేదు. అమీరుపేట ప్రక్కనే యున్న పంజగుట్టలో నొక పెద్దమనిషి తన జీవితము చేతనే దీనికి బదులు చెప్పెను.

శ్రీ ఎస్. ఆర్. శంకరన్ గారు ఐ.ఏ.ఎస్. కొలువు నుండి విరమించిన పిదప పంజగుట్టలో నిరాడంబరముగా నివసించిరి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యమందలి గుర్తేడు వద్ద పీపుల్స్ వార్ దళము ఆయనను మఱికొందఱు అధికారులతో గూడ నపహరించి, జైలులోని తమవారి విడుదలకై బందీలుగా నుంచినది. అట్టి యనుభవము కలిగినవాడు ప్రతీకారము కోరినను లోకము తప్పుపట్టదు. ఆయన మాత్రము 1997లో శ్రీ కన్నబిరాన్, శ్రీ పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్య హరగోపాల్ మొదలగువారితో గలసి పౌర స్పందన వేదికను నెలకొల్పి, దానికి పెద్ద దిక్కై నిలిచిరి.

వేదికకు అధికారము లేదు, ధనబలము లేదు. వారు పల్లెలకు బోయి ప్రజలతో మాటలాడిరి. చూచినదానిని నివేదికలుగా వ్రాసిరి. ఇరుపక్షములకును లేఖలు పంపిరి. ఎన్‌కౌంటర్ల పేర జరుగు చంపుళ్లను ప్రభుత్వము నెదుటను, ఇన్‌ఫార్మర్లని నెపము పెట్టి చేయు హత్యలను పార్టీ నెదుటను ఒకే గొంతుతో ప్రశ్నించిరి. ఈ రెండవ పని మొదటి దానికంటె సులువని తలచువారు పొరబడుచున్నారు. తనవారి తప్పును మాత్రమే కప్పిపుచ్చు శాంతివాదిని ఎవ్వరును నమ్మరు.

2002లో చర్చల ప్రయత్నము విఫలమయ్యెను. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద ముఖ్యమంత్రిపై మందుపాతర ప్రేలెను. ఇక శాంతి మాట యెత్తుట పిచ్చితనమని పలువురు తలచిరి. అయినను 2004 ఎన్నికల తరువాత తుపాకులు చాలవఱకు మూగవోయినవి. అక్టోబరు 15 మొదలు 18 వఱకు హోంమంత్రి శ్రీ జానారెడ్డి యొకవైపునను, రామకృష్ణ మొదలగు నాయకులు మఱియొకవైపునను ఈ నగరముననే కూర్చుండి మాటలాడిరి. ఆ దినములలో నాయకుల బసయైన మంజీరా అతిథిగృహమునకు జనులు అర్జీలు చేతబట్టుకొని బారులు తీరిరి. కచేరీలలో వినువాడు లేకపోవుటచేతనే గదా వారు అడవినుండి వచ్చినవారి వాకిట నిలిచినది! ఆ బారులను చూచి సిగ్గుపడిన అధికారు లెందఱో మాకు తెలియదు.

తరువాతి కథ విషాదకరము. ఆయుధములతో గ్రామములలో తిరుగుట విషయమై పేచీ తెగలేదు. 2005 జనవరిలో పార్టీ చర్చలనుండి తొలగెను. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు శ్రీ నర్సిరెడ్డియు, ఆయనతో నున్న మఱికొందఱును హతులైరి. రెండు దినములలో నిషేధము మరల వచ్చెను. తప్పెవరిదని ఇరుపక్షములు నేటికిని వాదించుకొనవచ్చును. మా యభిప్రాయమున మూడవ పక్షము తప్పును గలదు. చర్చలు మొదలైనంతనే పని తీరినదని పట్టణవాసులు ఇండ్లకు మరలిరి. నలుగురు వృద్ధుల భుజములపై రాష్ట్రమంతటి భారము పడెను. సంధి చెడుచున్న దినములలో వీథికొక సభ, గ్రంథాలయమున కొక తీర్మానము, ఇంటి కొక లేఖ యుండియుండిన ఇరువురిలో నెవ్వరును అంత తేలికగా తుపాకి నెత్తజాలకపోయెడివారు.

1951 ఏప్రిల్ 18న వినోబాజీ పోచంపల్లిలో అడుగిడినప్పుడు తెలంగాణమున పోరు ఇంకను సాగుచునే యుండెను. ఆయన పోరునకు మూలమైన భూమిని గూర్చి అడిగెను గాని, ఊరక శాంతి శాంతి యని జపింపలేదు. శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరముల నిచ్చెను. ఆ దానోద్యమము తరువాత నెంత ఫలించినదన్నది వేఱు చర్చ.

2025లో ఈ నగరపు పౌరులు మరల చర్చలకై విన్నవించిరి. కేంద్రప్రభుత్వము సమ్మతింపక, ముందే పెట్టిన 2026 మార్చి 31 గడువునకే కట్టుబడెను. ఆ యేడు మే 21న నంబాళ్ల కేశవరావు, నవంబరు 18న మారేడుమిల్లి యడవిలో హిడ్మా హతులైరి. గడువు పెట్టి మనుష్యులను చంపవచ్చును గాని, పోడు పట్టాల తగవు గడువు పెట్టినంత మాత్రమున తీరదు.

కావున అమీరుపేట, పంజగుట్టల పాఠకులకు మా విన్నపము. 2004 డిసెంబరులో శ్రీ కోనేరు రంగారావు గారి యధ్యక్షతన ఏర్పడిన భూమి కమిటీ ఆ చర్చల కాలపు ఫలమే. నూటికి పైగా సూచనలతో దాని నివేదిక 2006లో వెలువడెను. ఒక ప్రతిని సంపాదించి, మీ పఠనాలయమున ఆదివారము నాడు బిగ్గరగా చదివించుడు. ఏ సూచన అమలైనదో, ఏది కాలేదో శాసనసభ్యుని పిలిపించి యడుగుడు; ఆయన చెప్పిన జవాబును గోడపై అంటించుడు.