శాలువా కాదు, లెక్క తేల్చండి!

పెన్షన్ అడిగిన మనిషిని భిక్షం అడిగినవాడిలా చూసే యూనివర్సిటీ పెద్దలకు ముందుగా ఒక సంగతి గుర్తు చేస్తున్నాం. పెన్షన్ ఎవరి దయా కాదు, ఎవరి ధర్మమూ కాదు. చేసిన చాకిరీకి అప్పుడు చేతిలో పెట్టకుండా దాచి ఉంచిన కూలి అది. ఇది మేం ఆవేశంలో అంటున్న మాట కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది. పెన్షన్ యజమాని ఇష్టాన్ని బట్టి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలమని, అది హక్కు అని చెప్పింది. అందుకే డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నారు.

తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ జరుగుతున్నదేమిటి? రిటైరైన రోజున శాలువా కప్పుతారు, దండ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. ఫైలు మాత్రం బల్ల మీంచి బల్ల మీదికి పోవడానికి నెలలు పడుతుంది. శాలువా కప్పినంత సులువుగా గ్రాట్యుటీ చెక్కు ఎందుకు రాయరు? మేం అడిగేది అదే.

"యూనివర్సిటీ గొడవ మన ఊళ్లకెందుకు?" అని కొందరు మిత్రులు అంటున్నారు. యూనివర్సిటీ అంటే ప్రొఫెసర్లు, పుస్తకాలు మాత్రమేనా? హాస్టల్ మెస్సులో గంజి వార్చేదెవరు? మరుగుదొడ్లు కడిగేదెవరు? రాత్రంతా గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చునేదెవరు? మన మాల, మాదిగ, రెల్లి, యానాది వాడల నుంచి, బీసీ పేటల నుంచి పోయినవాళ్లే కదా. వాళ్లు ముసలివాళ్లై తిరిగి చేరేది మన వాడకే. ఉత్త చేతులతో వస్తే ఆ భారం మోసేది కొడుకులూ కూతుళ్లూ, అంటే మనమే. కనుక ఇది మన గొడవే.

విశ్వవిద్యాలయంలో రిటైర్మెంటుకు ఇప్పుడు మూడు మెట్లున్నాయి. వర్ణాలకు మెట్లు కట్టిన దేశంలో ముసలితనానికీ మెట్లు కట్టారు.

మొదటి మెట్టు పాత పెన్షన్. 2004 సెప్టెంబరు 1కి ముందు ఉమ్మడి రాష్ట్రంలో రెగ్యులర్ ఉద్యోగంలో చేరినవాళ్లది. నెల నెలా పెన్షన్, పోయాక భార్యకో భర్తకో ఫ్యామిలీ పెన్షన్. వీళ్లకూ సుఖం లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు చాలావరకు పెన్షన్‌ను ట్రెజరీ నుంచి కాక ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు నుంచి, తమ సొంత నిధుల నుంచి చెల్లిస్తాయి. గ్రాంటు ఆలస్యమైతే పెన్షన్ ఆలస్యం. అప్పులవాడికీ మందుల షాపువాడికీ బ్లాక్ గ్రాంటు కథ చెబితే వింటారా?

రెండో మెట్టు సీపీఎస్. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లది. జీతంలో పదో వంతు కోస్తారు, యజమాని తన వాటా కలపాలి, ఆ డబ్బు మార్కెట్లో తిరుగుతుంది. చివర్లో ఎంత వస్తుందో చేరినరోజు ఎవరూ చెప్పరు.

మూడో మెట్టు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, దినకూలి. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల రిటైర్మెంటు వయసును 60 నుంచి 65కు పెంచింది. మంచిదే, మాకు అసూయ లేదు. కానీ అదే భవనం ఊడ్చే అవుట్‌సోర్సింగ్ మనిషికి రిటైర్మెంటే లేదు. "రేపటి నుంచి రావొద్దు" అనడమే ఆమెకు రిటైర్మెంటు. శాలువా కూడా ఉండదు.

ఇది అనుకోకుండా జరిగిందని నమ్మేంత అమాయకులం కాదు. మన తరం రిజర్వేషన్లతో, స్కాలర్‌షిప్పులతో చదువుకుని రెగ్యులర్ పోస్టుల గుమ్మం దాకా వచ్చింది. ఆ వేళకే పాత పెన్షన్‌కు తలుపు మూశారు. తర్వాత నాలుగో తరగతి పోస్టులు ఖాళీ అయినచోట మనిషిని తీసుకోకుండా కాంట్రాక్టరును తెచ్చారు. పోస్టు లేదు కనుక రోస్టరు లేదు. రోస్టరు లేదు కనుక రిజర్వేషన్ లేదు. పని మాత్రం ఉంది, ఆ పనికి మన మనుషులే ఉన్నారు. చీపురుకు రిజర్వేషన్ అడగకుండానే దొరికింది, పెన్షన్‌కు మాత్రం అర్హత లేదట!

బాబాసాహెబ్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అణగారిన కులాల రైల్వే కార్మికుల సభలో మాట్లాడారు. మన కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా మొదలై గ్యాంగ్‌మన్‌గానే మిగులుతున్నాడని, పోర్టరు పని కూడా అతనికి ఇవ్వడం లేదని చెప్పారు. ఎందుకంటే పోర్టరు చేత స్టేషన్ మాస్టరు ఇంటి పని చేయించుకుంటారు, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వరు కదా. పని ఎవరికి, పైమెట్టు ఎవరికి అన్నది కులమే నిర్ణయిస్తున్నదని ఆయన ఆనాడే చూపించారు. ఈనాటి యూనివర్సిటీలో ముసలితనం ఎవరికి, ఆకలి ఎవరికి అన్నదీ అదే నిర్ణయిస్తోంది.

అయితే చట్టం పూర్తిగా చచ్చిపోలేదు. 2006 నాటి ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని "మిమ్మల్ని పర్మనెంటు చేయడం కుదరదు" అని అధికారులు ఇన్నాళ్లూ బెదిరించారు. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఆ ఎత్తుగడను తప్పుపట్టింది. కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన మనుషులను తిరిగి తీసుకుని రెగ్యులర్ చేయమంది. 2025 ఆగస్టు 19న ధరంసింగ్ కేసులో మరో అడుగు వేసింది. ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సేవల కమిషన్‌లో 1989-92 మధ్య దినకూలీలుగా చేరిన నాలుగో తరగతి వాళ్లను, డ్రైవరును 2002 నుంచి రెగ్యులర్ చేయమంది. అప్పటికే వయసు అయిపోయినవాళ్లకు కూడా ఆ లెక్కనే పెన్షన్, గ్రాట్యుటీ కట్టివ్వమంది. దీన్ని ప్రతి సంఘం ఆఫీసులో గోడకు అంటించండి. "మా అమ్మ పని మానేసింది కదా, ఇంకేం వస్తుంది" అనుకునేవాళ్లకు చదివి వినిపించండి. ప్రతి కేసూ ఇలాగే గెలుస్తుందని మేం చెప్పం. అడగనివాడికి మాత్రం ఏ కోర్టూ ఇవ్వదు.

ఇక మనవాళ్లు ఇప్పుడే చేయవలసిన పనులు. సంఘం కార్యకర్తలు వీటిని వాడల్లో చదివి వినిపించాలి.

ఒకటి. రెగ్యులర్ ఉద్యోగులు రిటైర్మెంటుకు ఏడాదిన్నర ముందే సర్వీసు రిజిస్టరు చూపించమని అడగండి. పుట్టినతేదీ, చేరినతేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, కుటుంబసభ్యుల పేర్లు సరిగా ఉన్నాయో లేదో చదివించుకోండి. ఊళ్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకులో మరో పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఈ తేడాలతోనే ఫ్యామిలీ పెన్షన్లు ఆగిపోతున్నాయి. నామినీగా పెట్టిన మనిషి చనిపోతే వెంటనే కొత్త నామినేషన్ ఇవ్వండి.

రెండు. పెన్షన్‌లో కొంతభాగం అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకున్నవాళ్లు, అంటే కమ్యూటేషన్ చేసుకున్నవాళ్లు, ఆ తేదీ రాసిపెట్టుకోండి. 15 ఏళ్లు నిండాక ఆ భాగం తిరిగి పెన్షన్‌లో కలవాలి. కలవకపోతే వెంటనే అర్జీ పెట్టండి.

మూడు. సీపీఎస్ వాళ్లు ప్రాన్ నంబరుతో ఖాతా లెక్క తీయించుకోండి. మీ జీతంలో కోసిన ప్రతి నెలా అక్కడ పడిందా, యజమాని వాటా పడిందా చూడండి. జీతం స్లిప్పులో కోత కనిపించి ఖాతాలో జమ కనిపించకపోతే అది మీ నోటి కాడ కూడు తీయడమే.

నాలుగు. అవుట్‌సోర్సింగ్ వాళ్లకు అసలు ప్రాణం పీఎఫ్. పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు నిండాలి, 58 ఏళ్లు రావాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా డబ్బు తీసుకుంటే ఆ సర్వీసు తెగిపోతుంది. తీసుకోవద్దు, పాత ఖాతాను కొత్తదానిలోకి బదిలీ చేయించండి. యూఏఎన్ నంబరు ఒక్కటే ఉండాలి. లెక్క ఇది: పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 10,000 జీతం, 14 ఏళ్ల సర్వీసు అయితే నెలకు 2,000. కనీస పెన్షన్‌ను 2014 సెప్టెంబరులో 1,000 చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి వృద్ధాప్య పెన్షనే 4,000 చేసింది. ఏళ్ల తరబడి జీతంలో కోయించుకున్న మనిషికి దానిలో సగం! ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో మీరే లెక్కేయండి.

అయిదు. గ్రాట్యుటీ. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కేయాలి. లెక్కకు వచ్చే జీతం 10,400 అయితే రోజుకు 400, ఏడాదికి 6,000, పన్నెండేళ్లకు 72,000. మామూలుగా అయిదేళ్ల ఎడతెగని సర్వీసు కావాలి. గడువు రాసి నియమించిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి కొత్త కోడ్‌లో ఏడాది చాలు. కాంట్రాక్టర్లను మార్చేసి అయిదేళ్లు నిండనివ్వకపోవడం పాత ఎత్తు. అందుకే నియామకపత్రం అడగండి, అది మీ హక్కు. హాజరు పుస్తకం ఫొటో, గుర్తింపు కార్డు, బ్యాంకులో జీతం పడిన కాగితం, ఏదీ పారేయవద్దు. కాంట్రాక్టర్లు అయిదుగురు మారినా మనిషి మారలేదని, చీపురు మారలేదని రుజువు చేసేవి ఆ కాగితాలే. గ్రాట్యుటీ 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి.

ఆరు. లైఫ్ సర్టిఫికెట్. బతికున్నామని ఏటా రుజువు చేసుకోవాలి. గిన్నెలు తోమి, నేల కడిగి వేలిముద్రలు అరిగిపోయిన అమ్మలను మిషను గుర్తుపట్టదు. దిగులు పడవద్దు. జీవన్ ప్రమాణ్‌లో 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే చేసే వీలుంది. పీఎఫ్ పెన్షన్‌కు ఇచ్చిన సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది. యూనివర్సిటీ పెన్షనర్లు ఏ నెలలో, ఏ పద్ధతిలో ఇవ్వాలో తమ పెన్షన్ విభాగాన్ని ముందే అడగండి. వాడలో ఒక చదువుకున్న పిల్లో పిల్లాడో ఈ పని నేర్చుకుంటే పదిమంది ముసలివాళ్ల పెన్షన్ ఆగదు. ఫోన్‌లో ఓటీపీ అడిగేవాడు మాత్రం పెన్షన్ ఆఫీసువాడు కాదు, దొంగ.

ఏడు. నోటితో అడిగింది గాలికి పోతుంది. అర్జీ రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫైలు ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా ఉందో అడగండి. కాంట్రాక్టు ఒప్పందం కాపీ, పీఎఫ్ కట్టిన చలాన్ల కాపీలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

చివరగా మన చదువుకున్న పెన్షనర్లతో ఒక మాట. రిజర్వేషన్‌తో ఎక్కి, మొదటి మెట్టు మీద నిలబడి, ఏప్రిల్ 14న దండ వేసి ఇంటికి పోయే పెద్దలారా! మీ కరువు భత్యం బకాయిల కోసం ధర్నా చేస్తారు, మేమూ వచ్చి కూర్చుంటాం. మీ డిపార్ట్‌మెంటు ఊడ్చిన ఆమె పీఎఫ్ కోసం మీరెప్పుడు కూర్చుంటారు? మీకు దరఖాస్తు రాయడం వచ్చు, రూల్సు పుస్తకం తెలుసు, రిజిస్ట్రారు గదిలోకి పోయి కుర్చీలో కూర్చునే ధైర్యం ఉంది. వారానికి ఒక పూట వాడలో కూర్చుని పది అర్జీలు రాయండి. సమాజానికి తిరిగి చెల్లించడం అంటే ఇదే.

మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. యూనివర్సిటీ పెన్షన్లు ట్రెజరీ ద్వారా నెల మొదటి తేదీనే చెల్లించాలి. రిటైరైన రోజునే గ్రాట్యుటీ చేతికివ్వాలి. ఏళ్ల తరబడి ఉన్న పనిలో కాంట్రాక్టర్లను తీసేసి మనుషులను రోస్టరు ప్రకారం నేరుగా నియమించాలి. పాత సర్వీసంతా లెక్కలోకి తీసుకోవాలి.

శాలువాలు మీ దగ్గరే ఉంచుకోండి. లెక్క తేల్చండి, బాకీ తీర్చండి.

జై భీమ్!