అరచేతిలో లేచిన కొబ్బరికాయ

కదిరి దగ్గర మా చిన్నాయనకు మూడెకరాల మెట్ట ఉంది. అందులో నాలుగు బోర్లు వేశాడు. మూడో బోరుకు పాయింటు పెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను.

పాయింటు చూసే పెద్దాయన పొద్దు పొడవక ముందే వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. అందరి చేతా చెప్పులు విప్పించి గట్టు మీద పెట్టించాడు. పీచు ఒలిచి పిలక ఉంచిన కొబ్బరికాయను కుడి అరచేతిలో అడ్డంగా, పిలక వేళ్ళ కొసల వైపు ఉండేలా పడుకోబెట్టుకున్నాడు. మోచెయ్యి ఒంటికి ఆనించి, కళ్ళు కాయ మీదే నిలిపి, ఈశాన్యం మూల నుంచి నడక మొదలుపెట్టాడు. ఎవరూ మాట్లాడలేదు. చేను సగం దాటాక పిలక కదిలింది. ఇంకో రెండడుగులు వేసేసరికి కాయ నిటారుగా లేచి నిలబడింది.

"ఈడే. గుంజ కొట్టప్పా," అన్నాడు. "రెండు ధారలు కలుస్తాండాయి. మూడునూర్ల యాభైలో పడతాయి. రెండించులు."

చిన్నాయన ఆ చోట పసుపు కుంకుమ పెట్టి, గుంజకు దండం పెట్టుకున్నాడు. పెద్దాయన అడిగినదానికంటే ఎక్కువే చేతిలో పెట్టాడు. రెండ్రోజుల తర్వాత బోరు బండి వచ్చింది. ఏడువందల అడుగులు దిగినా బూడిదలాంటి తెల్ల దుమ్మే లేచింది. చిన్నమ్మ కమ్మలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఆ కాయ ఎందుకు లేచింది, అది తప్పు చెప్పాక కూడా నాలుగో బోరుకు మా చిన్నాయన మళ్ళీ కాయనే ఎందుకు నమ్మాడు? రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి శరీరశాస్త్రం జవాబు చెబుతుంది. రెండోదానికి మానవశాస్త్రం చెబుతుంది. మనం హేతువాదులం మొదటిదానికి జవాబు చెప్పి ఇంటికి వెళ్ళిపోతాం. రైతు రెండోదానితో పొలంలోనే మిగిలిపోతాడు.

మొదటిది చూద్దాం. అరచేతిలో అడ్డంగా ఉన్న కొబ్బరికాయ నిలకడ లేని వస్తువు. వేళ్ళు వెంట్రుకవాసి ముడుచుకున్నా, మణికట్టు కొంచెం వంగినా అది దొర్లుతుంది, లేస్తుంది. ఆ కదలిక చేస్తున్నది తానేనని పట్టుకున్న మనిషికి తెలియదు. 1833లోనే ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ దారానికి వేలాడదీసిన లోలకంతో ఈ సంగతి తన మీద తానే పరీక్షించుకున్న వైనం ప్రకటించాడు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ లోలకం ఊగింది. కళ్ళకు గంతలు కట్టుకుంటే ఊపు తగ్గిపోయింది. 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ తెలియని కదలికకు పేరు కూడా పెట్టాడు: ఆలోచనే కండరాన్ని కదిలించడం. మరుసటి ఏడు భౌతికశాస్త్రవేత్త ఫారడే, దయ్యాలు కదిలిస్తున్నాయని చెప్పుకునే బల్లల్ని నిజానికి చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతులే తోస్తున్నాయని ప్రయోగం చేసి చూపించాడు.

కాబట్టి పెద్దాయన మోసగాడు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆయన తన చేతిలో కాయ తనంతట తానే లేచిందని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. కొన్నాళ్ళకు నేను ఆయన ఇంటికే వెళ్ళి, కళ్ళకు గంతలు కట్టుకుని ఒకసారి నడుస్తారా అని అడిగాను. కోపం తెచ్చుకోలేదు, వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన పెరట్లోనే ముందు కళ్ళు తెరిచి నడిచాడు. కాయ లేచిన చోట నేను పుల్ల గుచ్చాను. తర్వాత తువ్వాలుతో కళ్ళు కట్టి, రెండు మూడుసార్లు తిప్పి, చెయ్యి పట్టుకుని నడిపించాను. కాయ మళ్ళీ లేచింది, కానీ పుల్లకు పదిహేనడుగుల అవతల. ఇంకోసారి నడిస్తే ఇంకోచోట. ఆయన గంతలు విప్పుకుని పుల్లల వంక చాలాసేపు చూసి, "కండ్లు మూస్తే బూమి తెలీదు నాయనా," అన్నాడు.

ఒక పెరట్లో ఒక ముసలాయనతో చేసినదాన్ని రుజువు అనకూడదు. పెద్ద ఎత్తున చేసినవి ఉన్నాయి. 1987, 88లలో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర దాదాపు అయిదువందల మంది నీళ్ళు చూసేవాళ్ళను వడపోసి, వాళ్ళలో మేలైన 43 మందిని ఎంచుకున్నారు. ఒక కొట్టంలో కింద నీళ్ళ గొట్టం, పై అంతస్తులో కాయకు బదులు కర్ర పట్టుకున్న మనిషి. గొట్టాన్ని ప్రతిసారీ చోటు మార్చారు. 843 సార్లు పరీక్షించారు. కొందరికి నిజంగా శక్తి ఉందని ఆ పరిశోధకులు రాసుకున్నారు. కానీ కాలిఫోర్నియాకు చెందిన శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్ ఆ అంకెలనే మళ్ళీ తీసుకుని లెక్క వేస్తే గుడ్డి ఊహకు మించి ఏమీ తేలలేదు. 1990లో కాసెల్ నగరంలో భూమిలో పూడ్చిన గొట్టంతో ముప్పై మందిని పరీక్షించారు. పరీక్ష న్యాయంగా ఉందని, తాము తప్పక గెలుస్తామని వాళ్ళంతా ముందే ఒప్పుకున్నారు. ఫలితం బొమ్మాబొరుసులాగే వచ్చింది.

ఇక రెండో ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడి జనం మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని పరిశోధన చేశాడు. ఆ దీవుల వాళ్ళు రెండు రకాలుగా చేపలు పడతారు. లోపలి మడుగుల్లో నీళ్ళు నిలకడగా ఉంటాయి, ప్రమాదం లేదు, చేప ఖాయం. అక్కడ మంత్రం లేదు. బయట నడిసముద్రంలో గాలి ఎప్పుడు తిరుగుతుందో, చేప దొరుకుతుందో లేదో, మనిషి తిరిగొస్తాడో లేదో తెలియదు. అక్కడికి వెళ్ళేముందు బోలెడంత మంత్రతంత్రాల తతంగం. మనుషులు వాళ్ళే, పడవలు కట్టే నేర్పు వాళ్ళదే. తెలివి ఎంతవరకు పనిచేస్తుందో అంతవరకు తెలివినే వాడారు, అది ఆగిపోయిన చోట మంత్రం మొదలైంది.

ఇది చదివినప్పుడు నాకు మా తాత బావి గుర్తొచ్చింది. వంక పక్కన తవ్వించాడు, నలభై అడుగుల్లో ఊట. దానికి ఎవరూ కాయ పట్టుకుని నడవలేదని మా నాయన చెప్పేవాడు. వంక పక్కన నీళ్ళుంటాయని అందరికీ తెలుసు. బావులు ఎండి బోర్లు వచ్చాకనే మా ఇంటికి కొబ్బరికాయ వచ్చింది. మా చిన్నాయన చదువు మా తాత చదువుకంటే ఎక్కువ. చదువు పెరిగినా కాయ వచ్చిందంటే, అజ్ఞానం అనే ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయడానికి లేదు. మా తాత మడుగులో చేపలు పట్టాడు. మా చిన్నాయన నడిసముద్రంలో ఉన్నాడు.

అమెరికాలోనూ ఇదే తేలింది. అక్కడి పల్లెల్లో పంగలకర్రతో నీళ్ళు చూసే ఆచారాన్ని ఎవాన్ వోగ్ట్ అనే మానవశాస్త్రవేత్త, రే హైమన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త కలిసి పరిశోధించి 1959లో పుస్తకం వేశారు. దేశంలో అప్పటికి పాతికవేల మంది నీళ్ళు చూసేవాళ్ళు ఉంటారని వాళ్ళ అంచనా. నీటి జాడ పట్టడం కష్టమైన ప్రాంతాల్లోనే వాళ్ళు ఎక్కువగా కనిపించారు. న్యూమెక్సికోలోని ఒక పల్లెలో కర్ర చెప్పిన చోట తవ్విన బావుల్నీ, కర్ర లేకుండా తవ్విన బావుల్నీ వోగ్ట్ లెక్కపెడితే, నీళ్ళు పడినవీ పడనివీ రెండింట్లోనూ దాదాపు ఒకే పాళ్ళలో ఉన్నాయి. నీళ్ళే వృత్తి అయినవాళ్ళు సైతం దీనికి బయట లేరు. 2017లో ఒక యువ పరిశోధకురాలు బ్రిటన్‌లోని 12 నీటి సరఫరా సంస్థలను అడిగితే, తమ సిబ్బందిలో కొందరు ఇప్పటికీ తీగలు పట్టుకుని గొట్టాలు వెతుకుతున్నారని 10 సంస్థలు ఒప్పుకున్నాయి.

మన నేల సంగతి తెలిస్తే ఈ అనిశ్చితి ఎంతటిదో అర్థమవుతుంది. రాయలసీమలో, తెలంగాణలో చాలా భాగం కింద గట్టి రాయి, గ్రానైటు జాతి. పైన కొన్ని పదుల అడుగుల మేర రాయి చివికి మొరం అయి ఉంటుంది. వానలో ఇంకినది ఎక్కువగా దాచుకునేది ఆ పొరే. దాని కింద రాతిలో అక్కడక్కడా బీటలు. లోతుకు పోయేకొద్దీ సాధారణంగా ఆ బీటలు సన్నబడతాయి, తగ్గుతాయి. పాయింటు పెట్టేవాళ్ళు చెప్పే పాతాళ నదులు, కలిసే ధారలు ఈ రాతిలో లేవు. బీట తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. ఇరవై అడుగుల దూరంలో ఒక బోరు పోస్తుంది, ఇంకోటి పొయ్యదు. భూగర్భ జలాల శాఖ నుంచి వచ్చే శాస్త్రవేత్త నేలలోకి విద్యుత్తు పంపి, దాని నిరోధాన్ని కొలిచి, ఇక్కడ పడే అవకాశం ఎక్కువ అంటాడు. అంతకుమించి చెప్పలేడు, చెప్పకూడదు. కొబ్బరికాయ మాత్రం మూడునూర్ల యాభై అడుగులు, రెండించులు అని చెబుతుంది. లక్ష రూపాయలు అప్పు తెచ్చినవాడికి ఈ రెండింట్లో ఏ మాట చెవికి ఇంపుగా ఉంటుంది?

ఇక్కడిదాకా నేను రైతు పక్షాన మాట్లాడాను. ఇప్పుడు నమ్మకం మీద మాట్లాడాలి.

మూడో బోరు ఎండిపోయిన సాయంత్రం మా ఇంటి అరుగు మీద విన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. బండి వాళ్ళు గుంజకు జానెడు పక్కన దించారని ఒకరు. పూజనాడు అంటు ఉన్న ఆడమనిషి ఎవరో చేలోకి వచ్చి ఉంటుందని ఇంకొకరు. పక్క చేను వాళ్ళు వెయ్యి అడుగుల బోరు వేసి ధారను లాక్కున్నారని మరొకరు. పెద్దాయన రక్తం ఓ పాజిటివ్ కాదేమో, ఆ గ్రూపు వాళ్ళకే కాయ నిజం చెబుతుందని ఒక కుర్రవాడు. కాయ తప్పు చెప్పిందని ఒక్కరూ అనలేదు.

మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ 1937లో అచ్చయిన తన పుస్తకంలో అప్పటి సూడాన్ దక్షిణాన ఉన్న అజాండే జనం గురించి సరిగ్గా ఇదే రాశాడు. వాళ్ళు కోడిపిల్లకు విషం పెట్టి, అది చస్తే ఒక జవాబు, బతికితే ఇంకో జవాబు అని తీర్పు తీసుకునేవాళ్ళు. ఒకే ప్రశ్నకు రెండు తీర్పులు వస్తే విషం పాతబడిందనేవాళ్ళు, విషం తీసిన తీగ తప్పు రకందనేవాళ్ళు, తెచ్చినవాడు నియమం తప్పాడనేవాళ్ళు, ఎవరో చేతబడి చేశారనేవాళ్ళు. సాకులన్నీ నమ్మకం లోపలి నుంచే వస్తాయి. కాబట్టి ఎన్నిసార్లు తప్పినా నమ్మకానికి గీతైనా పడదు. మా అరుగు మీద జరిగింది అదే. పైగా ఆ సాకుల్లో ఒకటి నేరుగా పోయి ఒక ఆడమనిషి మెడకు చుట్టుకుంది. నీళ్ళు పడితే పేరు కాయకు, పడకపోతే నింద ముట్టులో ఉన్న మనిషికి. ఈ నమ్మకం వల్ల ఎవరికేం నష్టం అని అడిగేవాళ్ళు ఆ అరుగు మీద ఒక పూట కూర్చోవాలి.

మలినోవ్‌స్కీ చెప్పింది నిజమే, మంత్రం మనిషికి ధైర్యం ఇస్తుంది. ఒక ఆచారం జనానికి ఎందుకు అవసరమైందో చెప్పడం వేరు, అది చెప్పేది నిజమా కాదా తేల్చడం వేరు. మొదటిది తెలిసింది కదా అని రెండోదాన్ని వదిలేయమనే పెద్దమనుషుల్ని నేను ఒప్పుకోను. దీవిలో మంత్రం చదివి సముద్రంలోకి వెళ్ళినవాడు కనీసం అప్పుతో వెళ్ళలేదు. ఇక్కడ కాయ ఇచ్చిన ధైర్యం చిన్నాయన చేత నాలుగో బోరు వేయించింది. నూటికి ముప్పై పాళ్ళే ఆశ ఉందని తెలిసినవాడు రెండో బోరు దగ్గరే ఆగి, ఆ మడిలో వేరుశనగ బదులు కొర్రలో, ఉలవలో చల్లుకునేవాడేమో.

మన పాత గ్రంథాల్లో ఉంది కదా అంటారు. ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో భూమిలో నీటి జాడ పట్టడం మీద ఒక అధ్యాయమే ఉంది. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉంటే, దక్షిణం వైపు రెండు నిలువుల లోతులో తియ్యని నీళ్ళుంటాయని అందులో ఒకచోట చెబుతాడు. ఆ అధ్యాయం చూడమనేది చెట్టును, పుట్టను, మట్టి రంగును, రాతిని. అది తప్పో ఒప్పో ఎవరైనా తవ్వి చూసుకోవచ్చు. తిరుపతిలో ఆచార్యులుగా పనిచేసిన ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని భూగర్భ శాస్త్రం వెలుగులో పరిశీలించి పుస్తకం కూడా రాశారు. ఐరోపాలో గనుల మీద మొదటి పెద్ద గ్రంథం రాసిన అగ్రికోలా 1556లో అచ్చయిన ఆ పుస్తకంలోనే, ప్రకృతి చూపే గుర్తులు తెలిసిన గనివాడికి పంగలకర్ర అక్కర్లేదన్నాడు. మన పెద్దాయనకూ ఆ గుర్తులు తెలుసు. వంక ఎటు వాలిందో, ఏ చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉందో, ఊళ్ళో ఏ బోరు పోస్తోందో ఆయన యాభై ఏళ్ళుగా చూస్తున్నాడు. "కండ్లు మూస్తే బూమి తెలీదు" అన్నాడే, ఆయన నోట వచ్చిన అసలైన నిజం అదే. భూమి ఆయన కళ్ళకు తెలుసు. పేరు మాత్రం కాయ కొట్టేస్తోంది.

అనిశ్చితి తగ్గితేనే మంత్రం తగ్గుతుంది, అది తగ్గించడం చేతనవుతుందని మన జిల్లాల్లోనే రుజువైంది. 2003 తర్వాత కొన్నేళ్ళు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే కార్యక్రమం ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచింది. ఎంత వాన కురిసిందో రైతులే కొలిచారు. బోర్లలో నీటి మట్టం పదిహేను రోజులకోసారి వాళ్ళే కొలిచి చూశారు. ఆ అంకెలు ఊరి గోడల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు.

ఆ పని మీ ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టడానికి ఏ సంస్థ కోసమూ చూడనక్కర్లేదు. ఒక నోటుబుక్కు కొనండి. ఊళ్ళో వేసిన ప్రతి బోరుకూ ఒక వరస రాయండి: సర్వే నంబరు, ఏ సంవత్సరం, ఎంత లోతు, మొరం ఎన్ని అడుగులు, పాయింటు ఎవరు పెట్టారు, ఎన్ని నీళ్ళు పడ్డాయి. పడని బోర్లు కూడా రాయండి, ముందు వాటినే రాయండి. మా ఊరి పుస్తకంలో మొదటి పేజీ చిన్నాయనది. నాలుగు బోర్లు, నాలుగు పాయింట్లూ కాయ పెట్టినవే, ఒక్కదాంట్లోనే ఇంచు నీళ్ళు.