గ్యాసు కర్మాగార శిథిలములు

శిథిలము లనఁగానే మన బాలురు కోటలను, మంటపములను దలంతురు. తుప్పుపట్టిన యినుప గొట్టములును చరిత్రాంశములే యని నా యభిప్రాయము. అమెరికాలోని సియాటిల్ నగరమున, యూనియన్ సరస్సు నుత్తరపుటొడ్డున నున్న గ్యాస్ వర్క్స్ పార్కు దీనికిఁ దగిన దృష్టాంతము. మన తెలుగువా రనేకు లా ప్రాంతమున నుద్యోగములు చేయుచున్నారు గనుక, మన విద్యార్థులలోఁ గొంద ఱెన్నఁడైన దానిని జూడవచ్చును.

1906వ సంవత్సరమున నచట బొగ్గునుండి గ్యాసు దీయ నారంభించిరి. గాలి చొరని పాత్రలో మిక్కిలి వేఁడిచేసినచో బొగ్గు మండదు. దానినుండి వాయువు వెడలును. తోడనే తారు, అమ్మోనియా, గంధకపు దుర్వాయువును వచ్చును. వీనిని వేఱుపఱచి, మిగిలిన వాయువును గొట్టముల ద్వారా నిండ్లకుఁ బంపుదురు. 1937లో బొగ్గునకు బదులు నూనె నుపయోగించిరి. నేఁడు నిలిచియున్న గోపురములు నూనెగ్యాసు దీసినవే. భూమిలో సహజముగా దొరకు గ్యాసు నగరమునకు రాఁగా, 1956లో కర్మాగారము మూఁతపడెను.

1962లో నగరమువారు దానిని గొనిరి. అంతయుఁ బడఁగొట్టవలె ననువారే పెక్కండ్రు. రిచర్డ్ హాగ్ అను ఉద్యానశిల్పి మాత్రము గోపురములను నిలుపవలె నని పట్టుపట్టెను. 1975లో పార్కు తెఱవఁబడెను. బాయిలరుశాల వనభోజనశాల యయ్యెను. యంత్రశాల రంగులు పూసికొని పిల్లల యాటపట్టయ్యెను!

ఇది మెచ్చఁదగినదే. కాని గోపురములను బొగడువారు మంటిమాట దాఁటవేయుదురు. అది నాకు సమ్మతము గాదు. ఇండ్లకు వెలుఁగును, వేఁడిమియు నిచ్చిన యా పనియే నేలకుఁ దారును, బెంజీనును మిగిల్చెను. హాగ్ మన్ను దున్నించి, ఎరువులు కలిపించి, సూక్ష్మజీవులచే విషమును హరింపఁజేయఁ బ్రయత్నించెను. అయినను 1984లో పరీక్షలకై పార్కును గొంతకాలము మూసిరి; శుద్ధిపని తరువాతను సాగినది. ఈ కథ చెప్పక గోపురములను మాత్రము చూపుట సగము పాఠమే.

మఱియొక వివాదము కలదు. కంచె దాఁటి గోపురము లెక్కి, పడి మరణించిన యువకులు కలరు. నిచ్చెనలును చరిత్రలో భాగమే, వానిని దీయరా దని కొంద ఱనిరి. వారి చరిత్రాభిమానమును గౌరవింతును; వాదము నొప్పుకొనను. నిచ్చెన తీసినను గోపురము గోపురమే. ఏ గొట్టము దేనిలోఁ గలియుచున్నదో, గ్యాసు ఏ దారిని బోయెనో తెలిసికొనుటకుఁ బైకెక్క నక్కఱలేదు. కంచె వెలుపలనుండియే చూడవచ్చును.