ఆగి ఉన్న లారీ

పోయిన వారం ఒక పెళ్లికి కోదాడ వైపు బయల్దేరాం. కారు నడిపింది మా మేనల్లుడు. డాలస్‌లో ఉద్యోగం, నెల సెలవు మీద వచ్చాడు. చౌటుప్పల్ దాటగానే స్టీరింగ్ మీద మీట నొక్కి 90 దగ్గర క్రూజ్ కంట్రోల్ పెట్టాడు. కుడికాలు వెనక్కి లాక్కుని సీటు మీదకి మడిచాడు. "డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా ఇట్లనే పోతం మామా" అన్నాడు. నకిరేకల్ దాటేసరికి మసక చీకటి. ఎడమ లేన్‌లో గోడలాంటిదేదో కనిపించింది. లారీ. వెనక లైటు లేదు, మెరిసే స్టిక్కరు లేదు. దాని వెనక పది అడుగుల్లో నాలుగు బండరాళ్లు, రెండు వేపకొమ్మలు. మావాడి కాలు బ్రేకుకి అందేలోపే చెయ్యి స్టీరింగ్‌ని కుడికి తిప్పేసింది. ఆ క్షణాన కుడి లేన్‌లో వెనక బస్సేదీ లేదు కాబట్టి మేం పెళ్లికి చేరాం.

బస్సు ఉండి ఉంటే మర్నాడు పేపర్లో ఏం వచ్చేదో నాకు తెలుసు: ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు. ఎన్నేళ్లుగా చదువుతున్నాం ఈ వాక్యాన్ని! ఇందులో కర్త కారు. తప్పంతా దానిదే. లారీ ఎందుకు ఆగింది, ఎన్ని గంటలుగా ఆగింది, వెనక లైటు ఎందుకు లేదు, ఆ దారిన తిరగాల్సిన పెట్రోలింగ్ బండి ఎక్కడుంది, వీటిలో ఒక్కటీ వార్తలో ఉండదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మందిని కేంద్ర రవాణా శాఖ నివేదిక అతివేగం ఖాతాలో వేసింది. వేగం చంపుతుంది, కాదనను. కానీ స్టేషన్లో కాగితం మీద అన్నిటికన్నా సులువుగా రాయగలిగే కారణం కూడా అదే. చనిపోయిన డ్రైవరు వచ్చి కాదనడు.

మావాడి తప్పు లేదా అంటే ఉంది. ఆ మాటే వాడితో సూర్యాపేట దాకా చెప్పాను. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. మడిచిన కాలు విప్పి బ్రేకు వెతుక్కోవడానికి ఒక్క సెకను ఎక్కువ పట్టినా పాతిక మీటర్లు పోయినట్టే. క్రూజ్ కంట్రోల్ పట్టుకునేది వేగాన్ని, రోడ్డుని కాదు. ఎదర ఏముందో దానికి తెలియదు. పెట్టిన అంకె దగ్గర ఇంజిన్‌ని నిలిపి ఉంచడం వరకే దాని పని. బ్రేకు తాకితే వదిలేస్తుంది, అంతే.

దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అమెరికాలో ఇండియానా రాష్ట్రం వాడు. అయిదేళ్ల వయసులో ప్రమాదంలో చూపు పోయింది. కార్లో పక్కన కూర్చుని వెళ్తుంటే నడిపే వకీలు మాట్లాడినప్పుడు వేగం తగ్గించి, విన్నప్పుడు పెంచేవాడట. ఆ కుదుపులు భరించలేకే టీటర్ ఈ యంత్రం మీద పడ్డాడు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ వాళ్ల కార్లలో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. పక్కసీట్లో కూర్చున్న మనిషి బాధలోంచి పుట్టిన వస్తువు ఇది. అందుకే నాకు దాని మీద ప్రేమ.

నేనూ వాడతాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. అటూఇటూ కంచె ఉంది, టూవీలర్లు లేవు, అడ్డంగా దాటే మనుషులు లేరు. అక్కడ 90 దగ్గర పెట్టుకుంటే మోకాలికి ఎంత హాయో నా ఈడువాళ్లకి తెలుస్తుంది. పాటలు వింటూ వింటూ మనకు తెలియకుండానే 120 దాటే జబ్బు ఉండదు. చలానా భయం లేదు. చదునైన దారిలో వేగం ఒక్కలా ఉంటే డీజిలూ తక్కువ తాగుతుంది. అరికాలు మాత్రం బ్రేకు దగ్గరే ఉండాలి. వానలో పెట్టొద్దని, ఘాట్ రోడ్డులో పెట్టొద్దని కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డులో పడుంటుంది. షోరూములో సన్‌రూఫ్ గురించి పావుగంట చెప్పిన కుర్రవాడు ఈ మీట గురించి రెండు నిమిషాలు చెప్పడు. లైసెన్సు పరీక్షలో అడిగేవాడు లేడు.

ఇప్పుడు రాడార్ ఉన్న రకం వచ్చింది. ముందు బండి తగ్గితే తనూ తగ్గుతుంది, ఇక భయం లేదంటున్నారు. అది కూడా చాలా కార్లలో కదులుతున్న బండిని పట్టుకున్నంత బాగా నిలబడిపోయిన బండిని పట్టుకోలేదు. రోడ్డు పక్క రెయిలింగూ, బోర్డులూ, వంతెనలూ అన్నీ రాడార్‌కి కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి నడవదు కనుక కదలనివాటిలో చాలావాటిని లెక్కలోంచి తీసేస్తుంది. మన హైవే మీద మనిషిని చంపేది సరిగ్గా ఆ కదలనిదే.

తిరిగి లారీ దగ్గరికే వస్తాను. డ్రైవర్ని తిట్టి ఊరుకోలేను. యాక్సిల్ విరిగింది, ఓనరు ఫోన్ ఎత్తడు, మెకానిక్కు పొద్దున గాని రాడు. సరుకు వదిలి పోలేడు. తన ప్రాణం కోసం, మన ప్రాణం కోసం చేతికందిన రాళ్లూ కొమ్మలూ పెట్టాడు. అంతకుమించి ఆయన చేతిలో ఏముంది? బండిని ప్రమాదకరంగా రోడ్డు మీద వదలకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. హైవే సాయానికి 1033 నంబరు ఉంది. పంతంగిలో టోల్ కట్టాం, కొర్లపహాడ్‌లో మళ్లీ కట్టాం. ఆ డబ్బుకి నేను అడిగేది ఒక్కటే. బండి ఆగిన అరగంటలో దాని వెనక వంద మీటర్ల దూరాన వెలిగే దీపం ఒకటి పెట్టండి. క్రేన్ తర్వాత రానివ్వండి. బండి తీశాక ఆ రాళ్లు కూడా తీయండి, రేపు రాత్రి మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడి కోసం.

రాళ్లంటే ఇంకోటి. హైవే దిగి ఊళ్లోకి మళ్లాక సగం రోడ్డు నిండా వడ్లు. యాసంగి కోతలు కదా. చుట్టూ రాళ్లు, పైన నల్ల తార్పాలిన్. చీకట్లో తారురోడ్డుకీ ఆ పట్టాకీ తేడా తెలియదు. ఏటా ఆ కుప్పలెక్కి ఎందరు పడిపోతున్నారో జిల్లా పేజీలు చూస్తే తెలుస్తుంది. రైతు మీద కేసు పెట్టాలంటారు కొందరు. మేం కారు ఆపి అక్కడ కాపలా ఉన్నాయన్ని అడిగాం. "ఇంక యాడ ఆరబొయ్యమంటవు సారూ?" అన్నాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. మబ్బు పడితే ఆయన ఆర్నెల్ల కష్టం నానిపోతుంది. ఊళ్లో సిమెంటు కల్లం లేదు. ఎండ బాగా తగిలే గట్టి నేల ఆ ఊరి మొత్తానికి ఆ తారురోడ్డే. వానాకాలం పంట కోతకొచ్చేలోగా కొనుగోలు కేంద్రం ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒక కల్లం కట్టించమని కలెక్టర్లను అడుగుతున్నాను.

పెళ్లి నుంచి తిరిగొస్తూ మావాడు క్రూజ్ పెట్టలేదు. నకిరేకల్ దగ్గర అవతలి రోడ్డు వైపు చూశాం. లారీ లేదు. బండరాళ్లు నాలుగూ అక్కడే ఉన్నాయి.