చద్ది అనే ముందు

"ఏమిటమ్మా ఇది, వారం రోజుల చద్దా?"

పోయిన డిసెంబరులో మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన అన్న మాట ఇది. మావారికి దూరపు బంధువు. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిస్తే రెండు గిన్నెల ఇడ్లీ పిండి, డబ్బా నిండా పోపు కలిపిన ఉప్మా రవ్వ కనిపించాయి. "మా ఆవిడ ఏ రోజుది ఆ రోజే చేస్తుంది" అన్నారు గర్వంగా. పక్కనే ఉన్న మావారు నవ్వారు. ఆయన మాట కన్నా ఈయన నవ్వే నాకు గుచ్చుకుంది. పెద్దవారని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

అయ్యా, ఇడ్లీ ఏ రోజుది ఆ రోజు ఎలా అవుతుంది? పొద్దున్నే పొగలు కక్కే ఇడ్లీ కావాలంటే ముందు రోజే పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, పిండి రాత్రంతా పులవాలి. నిన్నటి చాకిరీ లేకుండా ఇవాళ్టి ఇడ్లీ లేదు. ఇంట్లో అందరూ రేడియో ముందు కూర్చుంటే మా అమ్మ రుబ్బురోలు ముందు కూర్చునేది. ఆ సాయంత్రాలు ఎవరికీ గుర్తులేవు. పొద్దుటి ప్లేటు మాత్రం అందరికీ గుర్తుంది. నేను చేసే నేరమల్లా ఒక రోజు పని బదులు అయిదు రోజుల పని ఒకేసారి చేసుకోవడం.

అసలు చద్ది తిట్టెప్పుడయింది? పెద్దల మాటని చద్దిమూటతో పోల్చుకున్న వాళ్ళం మనం. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి ఆరగించినవి చల్దులే. హైదరాబాదులో, విజయవాడలో ఇప్పుడు రుబ్బిన పిండి ప్యాకెట్లలో దొరుకుతోంది. అక్కడ కొనుక్కుంటే సౌకర్యం, ఇక్కడ మేం దాచుకుంటే చద్దీనా?

మా ఆదివారం ఎలా ఉంటుందో వినండి. మూడు గ్లాసుల మినప్పప్పు, ఆరు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మిషిగన్ చలికి గట్టు మీద పెట్టిన పిండి పొంగదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, గిన్నె లోపల పెట్టాలి. ఒకసారి మావారు చూసుకోకుండా పిల్లల పిజ్జా కోసం ఓవెన్ వేడి చేసి, వారం పిండినీ ఒకే దిబ్బరొట్టె చేశారు. సోమ, మంగళవారాలు ఇడ్లీ, బుధవారం దోశ, గురువారానికి పులుపెక్కితే ఉల్లిపాయలతో ఊతప్పం, శుక్రవారం మిగిలింది పునుగులు. పెసర పిండి రెండో రోజుకే రుచి తప్పుతుంది, కొబ్బరి పచ్చడి నిలవుండదు. అందుకని వాటి జోలికి పోను. ఏది ఎన్నాళ్ళుంటుందో తెలియకుండా దాచే ఇల్లాలు ఉండదు.

"ఇంత తంటా ఎందుకు, పాలల్లో సీరియల్ పోసుకోరాదా" అంటారు ఇక్కడి స్నేహితులు. పోసుకోవచ్చు. కానీ మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, ఆవకాయ కారమంటారు. ఇడ్లీ మాత్రం అడిగి తింటారు. ఆ ఒక్కటీ పోగొట్టుకోలేను.

కాబట్టి ముందుగా చేసిపెట్టుకోవడంలో తప్పు లేదు. తప్పు ఇంకోచోట ఉంది. అయిదు రోజుల పొద్దుటిపూట తీరిక ఇంటిల్లిపాదికీ దక్కుతుంది, ఆదివారం మాత్రం ఒక్కదానికే పోతుంది. మా ఇద్దరివీ ఉద్యోగాలే. సోమవారం ఏడింటికల్లా ఇద్దరం కారెక్కుతాం. అయినా "పప్పు నానేశావా" అని అడిగేది ఒకరు, నానేసేది ఇంకొకరు. "మగవాళ్ళు దూరితే వంటిల్లు పాడవుతుంది" అనే అక్కయ్యలకీ ఒక మాట. పాడైతే వాళ్ళే కడుగుతారు. ఆ మాటంటూ మన ఆదివారాన్ని మనమే ధారపోస్తున్నాం.

ఆ పెద్దాయన వచ్చి వెళ్ళిన ఆదివారం నేను పప్పు నానెయ్యలేదు. సోమవారం సీరియల్. మంగళవారం సీరియల్. బుధవారం చిన్నది ఇడ్లీ ఏదని అడిగింది. శనివారం రాత్రి మావారు మెల్లగా, "గ్లాసు పప్పుకి రవ్వ ఎంత?" అన్నారు.

"రెండు గ్లాసులు."

ఓవెన్‌లో లైటు వెయ్యడం మరిచిపోయారు. పిండి పొంగలేదు, ఇడ్లీలు గట్టిగా రాళ్ళలా వచ్చాయి. అందరం తిన్నాం. మిగిలినవి ఆయనే డబ్బాలో సర్ది, బుధవారం దాకా నీళ్ళు చిలకరించి వేడి చేసుకు తిన్నారు.

ఒక్కసారి కూడా చద్ది అనలేదు.