నీటిని కొలుచు దేశమున నేలను కప్పరాదా?

ఒమాను దేశపు పల్లెలలో నీటిని కాలముతో కొలిచి పంచుకొందురు. కొండల అడుగున దాగిన జలమును సొరంగములగుండను కాలువలగుండను మైళ్ళకొలది నడిపించి ఖర్జూరవనములకు చేర్చెడి ఫలజులు నేటికిని అచ్చట మూడువేలకు మించి పారుచున్నవి. నిజ్వాలోని దారిస్ మొదలగు ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఫలజునందు రైతుకు గల వాటాను ‘అథర్’ అను ప్రమాణముతో లెక్కింతురు. అది ఇంచుమించు అరగంట పారకము. పగలు నీడనుబట్టియు, రాత్రి చుక్కలనుబట్టియు ఆ అరగంటను నిర్ణయించి, తన వంతు తీరగానే మడవ కట్టి పొరుగువానికి నీరు వదలుట శతాబ్దములుగా వచ్చుచున్న ధర్మము. ఇంత శ్రద్ధతో పాదు చేరిన నీటిలో ఎంత భాగము వేళ్ళకు దక్కక ఆకాశము పాలగుచున్నదో తలచుకొన్నపుడు మనసు చివుక్కుమనును.

సాలునకు సగటున 100 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసెడి దేశమది. 2018 జూన్ 26న ఖురయ్యాత్ పట్టణమున రేయింబవళ్ళలో ఒక్క క్షణమైనను ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకంటె తగ్గలేదు. అట్టి ఎండకు ఒంటిమీద ఆచ్ఛాదనలేని నేల తడిని నిలుపుకొనజాలదు. పోయెడిది నీరొక్కటియే అయినచో మరల తోడుకొనవచ్చును; కాని నేలపై ఉప్పు మిగులుచున్నది. ఆ దేశపు బాతినా తీరమున పంపులతో అతిగా తోడుటచేత సముద్రజలము భూగర్భములోనికి చొచ్చుకొనివచ్చి, బావులు ఉప్పునీరై, ఎన్నో తోటలు ఎండిపోయినవి. ఆ నీటినే పెట్టిన పాదును రెండుదినముల తరువాత చూడుడు: అంచులవెంట తెల్లని పొర, గోటితో గీకిన పొడిగా రాలును. ఆవిరియగుచున్న తడి అడుగుననుండి నీటిని పైకి లాగును. ఆ నీటితో వచ్చిన లవణము వెనుకకు పోక పైననే పేరుకొనును. కావున నేలను కప్పుట నీటి పొదుపు మాత్రమేగాక ఉప్పునకు అడ్డుకట్టయు నగును.

కప్పుటకు కావలసినది ఎక్కడినుండియు తేనక్కరలేదు. ఆ దేశమున డెబ్బదిలక్షలకు తక్కువకాని ఖర్జూరవృక్షములు గలవు. ఒక్కొక్క చెట్టునుండి ఏటేట పదికి తగ్గకుండ మట్టలు కోయుదురు. పూర్వము ఆ మట్టలతోనే గుడిసెలు కట్టిరి, దడులు అల్లిరి, చాపలు నేసిరి. బాతినా జాలరులు వాని ఈనెలను కట్టగట్టి షాషా అను పడవలను చేసి సముద్రముమీదికి పోయిరి. సిమెంటు ఇండ్లును, ఫైబరు పడవలును వచ్చిన పిమ్మట మట్టకు పనిలేకపోయినది. పనిలేని మట్టను తోటగట్టున కుప్పవేసి నిప్పు పెట్టుచున్నారు. చెట్టు తన ఆయుష్షులో సంపాదించిన సారమును దాని కాళ్ళముందే బూడిద చేయుట నా దృష్టిలో పొరపాటు కాదు, అన్యాయము.

చేయవలసిన విధము కష్టమైనది కాదు. ముండ్లు తీసి, మట్టలను యంత్రమున ముక్కలుచేసి, పాదునందు నాలుగంగుళముల మందమున పరచి, మొదలునకు జానెడు ఎడము విడువవలెను. బిందుసేద్యపు గొట్టము ఆ పొర అడుగుననే ఉండవలెను. ముక్కలను మట్టిలో కలిపినచో కుళ్ళునపుడు అవి నత్రజనిని పట్టి ఉంచి మొక్కను పాలిపోజేయును. పైననే ఉంచుట మేలు. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టుయొక్క మట్టలను, మొద్దును మాత్రము ఆచ్ఛాదనమునకు వాడరాదు. వానిని నాశనము చేయుటయే విధి. చెదలు చేరునను భయము కొందరికి గలదు, అది నిరాధారము కాదు. పొరను అప్పుడప్పుడు ఎత్తి చూచుచుండిన చాలును.

కూరగాయల మళ్ళకు ప్లాస్టిక్ మల్చింగ్ షీటు సులభమని చెప్పువారు అనేకులు. కలుపును ఆపుననుట నిజమే. కాని ఎండకు చిట్లి పీలికలైన ఆ షీటు మేకల కడుపులోనికిని, గాలికి ముండ్లచెట్ల మీదికిని పోవును. మట్టికి పిడికెడు సారమునైన ఈయదు. 2021 జనవరినుండి ఒకసారి వాడి పారవేసెడి ప్లాస్టిక్ సంచులను నిషేధించిన దేశమునకు పొలమునందు అదే పదార్థమును పరచుట శోభింపదు.

ఆంధ్రదేశమున 2016లో ఆరంభమైన ప్రకృతి సేద్యపు కార్యక్రమమున వరిగడ్డితోను, వేరుశనగ పొట్టుతోను నేలను కప్పుట ముఖ్యాంగము. అనంతపురము ఎండలలో ఈ పని ఎరిగిన చేతులు మస్కట్ వచ్చిన తెలుగువారిలోను లేకపోవు. ఇంటి పెరట గోంగూరయు, కరివేపాకును పెంచుకొను మనవారు, వేపచెట్టు కింద ఊడ్చిన ఆకులను నల్లసంచిలో కట్టి వీధిలో పెట్టుట మాని, ఆ మొక్కల మొదళ్ళకే వేయవచ్చును గదా!

తోటలకైతే రైతు ఒక్కడు యంత్రము కొనజాలడు. ఫలజునకు ఊరంతయు కలిసి నీటిపెద్దను నియమించుకొను సంప్రదాయము ఉండనే యున్నది. ఆ కట్టుబాటు క్రిందనే ఊరికొక మట్టలు నరుకు యంత్రమును ప్రభుత్వము ఇచ్చి, వంతులవారీగా తోటతోటకు త్రిప్పించినచో చాలును. ఎండలు ముదరకమునుపే, ఫాల్గుణమాసము నాటికే, పాదులు కప్పబడవలెను.