మాట్లాడని పిల్లవాడు మొండివాడా?

హోసూరు, డెంకణీకోట ప్రాంతాల తెలుగు కుటుంబాలలో బడి భాష ప్రస్తావన రాగానే చర్చ పదో తరగతి పరీక్ష వైపు మళ్లుతుంది. అందుకు కారణం లేకపోలేదు. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించగా, 2023లో సుప్రీంకోర్టు ఆ ఏటి విద్యార్థులకు తమిళ పరీక్ష నుండి మినహాయింపును పొడిగించింది. 2025 ఆగస్టులో వెలువడిన రాష్ట్ర విద్యా విధానం ద్విభాషా సూత్రాన్నే నిలబెట్టింది. ఈ వాదప్రతివాదాలలో పదో తరగతి విద్యార్థి కనిపిస్తాడు గాని, ఇప్పుడే బడి గడప తొక్కిన ఐదేళ్ల పసివాడు కనిపించడు.

ఇంట తెలుగు, వీధిలో కన్నడం కలిసిన తెలుగు, బడిలో తమిళమో ఆంగ్లమో. ఇట్టి పిల్లలు తొలి నెలలలో తరగతిలో నోరు విప్పకపోవడం సర్వసాధారణం. రెండో భాషను నేర్చే పసివారిలో కనిపించే ఈ మౌన దశ భాషా పరిశోధకులు ఏనాడో గుర్తించినదే. కొందరిలో అది వారాలతో ముగుస్తుంది, కొందరిలో నెలలు పడుతుంది. ఆ మౌనంలో పిల్లవాడు వింటున్నాడు, పోల్చుకొంటున్నాడు, తప్పు పలికితే తోటివారు నవ్వుతారేమోనని వెనుకాడుతున్నాడు. ఉపాధ్యాయునికి మాత్రం అది తెలివితక్కువతనంగానూ, తల్లిదండ్రులకు మొండితనంగానూ తోస్తుంది.

అసలు చిక్కు సాయంకాలం మొదలవుతుంది. పగలంతా అర్థం కాని మాటల నడుమ ఒదిగి కూర్చున్న పిల్లవాడు ఇంటికి రాగానే సంచి విసరివేస్తాడు, అన్నం వద్దంటాడు, చెల్లెలిని కొడతాడు. బడిలో బుద్ధిమంతుడని పేరు తెచ్చుకొన్నవాడు ఇంట్లో ఇలా ప్రవర్తించడం తల్లికి అవమానంగా తోచడం సహజమే. కాని బడిలో అణచుకొన్నది ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. తనను విడిచిపెట్టరన్న నమ్మకం ఉన్నచోటనే అది బయటపడుతుంది. అక్కడ దెబ్బ పడితే పిల్లవాడికి మిగిలిన ఆ ఒక్క చోటు కూడా పోతుంది.

2009 విద్యాహక్కు చట్టం 17వ విభాగం బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఆ నిషేధం బడి గడప దాటి ఇంటిలోకి రాదు. బెత్తం లేని చదువు మన దేశానికి కొత్త ఆలోచనేమీ కాదు. న్యాయవాద వృత్తి విడిచి 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకా దానిని ఆచరించి చూపినవాడే. తల్లిదండ్రుల కోసం 1965లో పుస్తకం వెలువరించిన మనస్తత్వవేత్త హైమ్ గినాట్ భావనకూ చేతకూ మధ్య గీత గీశాడు: కోపం రావచ్చును, దానిని ఒప్పుకోవాలి, కొట్టడాన్ని మాత్రం ఆపాలి. “ఈ వేళ బడిలో ఏమీ అర్థం కాలేదా నాన్నా, అందుకే కోపం వచ్చిందా? చెల్లిని మాత్రం కొట్టకూడదు” అనడానికి అర నిమిషం చాలును. సానుభూతి అంటే అడిగినదల్లా ఇవ్వడమని భావించేవారు ఈ భేదాన్ని గమనించడం లేదు.

అయితే ఆ అర నిమిషపు ఓర్పు అందరికీ ఒకే తీరున దొరకదు. హోసూరు కర్మాగారాలలో తల్లి ఒక షిఫ్టు, తండ్రి మరొక షిఫ్టు చేసే ఇండ్లకు ఓర్పును గురించి ఉపన్యసించడం సులభం. అలసిన పెద్దవారు అలసిన పిల్లవాడిని ఎదుర్కొనే గడియ అది. అవ్వాతాతలు ఉన్న ఇంట కొంత ఊరట ఉంటుంది. అద్దె గదులలో అదీ లేదు.

మౌనమంతా భాష వల్లనే అనుకోవడమూ పొరపాటే. ఇంట్లో తెలుగులో కూడా మాట వెనుకబడినా, పిలిస్తే పలకకపోయినా వినికిడి పరీక్ష చేయించవలెను. ఇంట గలగల మాట్లాడే పిల్లవాడు, బడి భాష అర్థమవుతున్నా నెలల తరబడి అక్కడ పెదవి విప్పకుంటే వైద్యుని సలహా అవసరం.

ఇక బడి వైపు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. సరిహద్దు గ్రామాలలో ఈ స్త్రీలలో పలువురు తెలుగు తల్లులే. కమిటీలో ప్రహరీ గోడ, మరుగుదొడ్డి చర్చకు వస్తాయి, రావలసినవే. ఒకటో తరగతిలో తెలుగు తెలిసిన ఒక్క మనిషైనా తొలి మూడు నెలలు పిల్లల దగ్గర ఉండాలని అక్కడ అడగడానికి ఏ న్యాయస్థానపు తీర్పూ అక్కరలేదు.